డ్రైవర్ దిక్కు చల్లగ, పక్క సీటు దిక్కు వేడిగ: డ్యాష్‌బోర్డ్ ఇప్పనిచ్చే ముందు చూసుకోవాల్సినవి

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. ముందు నాకు అర్థమైంది చెప్తా, తప్పుంటే సరిచెయ్యి. హన్మకొండ నుంచి ఇంటోళ్ళను తీసుకొని నాగోబా జాతరకు కేస్లాపూర్ పోయినవు, డీజిల్ ఎస్‌యూవీ, రెండేండ్ల కింద సెకండ్‌హ్యాండ్‌ల తీసుకున్నవు, ముందటి రెండు సీట్లకు వేరేవేరే టెంపరేచర్ పెట్టుకునే డ్యూయల్ జోన్ ఏసీ. చలికి హీటర్ వేస్తే నీ భార్య కూసున్న దిక్కు వేడి మంచిగ వస్తాంది, నీ దిక్కు గోరువెచ్చగ వస్తాంది, రెండు దిక్కులా 26 పెట్టినా అంతే. తిరిగొచ్చినంక ఒక గ్యారేజ్‌ల చూపిస్తే ఫ్లాప్ మోటర్ పోయింది 9 వేలు అన్నరు, ఇంకో కాడ చూపిస్తే హీటర్ కాయిల్ జామైంది డ్యాష్‌బోర్డ్ మొత్తం దింపాలె 38 వేలు అన్నరు. ఇద్దర్ల ఎవరిది నిజం అని నీ ప్రశ్న.

ఇరవై రెండేండ్ల సంది నాది కార్ ఏసీ పనే. నాకు అనిపించేది ఏందంటే ఇద్దరూ బానెట్ ఎత్తకుండనే చెప్పిన్రు. ఎందుకంటే ఆ రెండిట్ల ఏది అనేది తెలుసుకునేటందుకు డ్యాష్‌బోర్డ్ ఇప్పే పని లేదు, బండి కంప్యూటర్ల పడ్డ తప్పుల కోడ్లు చదివే స్కానర్ కూడ తర్వాత సంగతి, చెయ్యి పెట్టి రెండు పైపులు ముట్టుకుంటే సగం తెలుస్తది. మిగిలిన సగం నువ్వే రాసినవు గాని దాన్ని అట్ల దాటేసినవు. నిర్మల్ దాటినంక మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే జరసేపు నా దిక్కు కూడ వేడి మంచిగ వచ్చింది అన్నా, ఇచ్చోడ కాడ చాయ్ తాగుతందుకు ఆగితే మళ్ళ చల్లగైంది అని రాసినవు చూడు, నీ జవాబు ఆ లైన్ల ఉన్నది. దాని కాడికి వస్తా, ముందు లోపల ఏం జరుగుతదో చెప్పాలె, లేకపోతే నేను చెప్పేది గాల్ల మాట అయితది.

డ్యూయల్ జోన్ అనంగనే లోపల రెండు ఏసీలు రెండు హీటర్లు ఉంటయి అనుకుంటరు. ఉండయి. ఒకటే బ్లోయర్, ఒకటే కూలింగ్ కాయిల్, ఒకటే హీటర్ కాయిల్. ఇంట్ల ఒకటే గీజర్ పెట్టి రెండు బాత్రూమ్‌లకు పైపులు గుంజినట్టు, ఎవరి బాత్రూమ్‌ల వాళ్ళు నల్లా తిప్పుకొని వేడినీళ్ళు చల్లనీళ్ళు కలుపుకున్నట్టు. ఆ నల్లా పని చేసేదే ఫ్లాప్. చిన్న ప్లాస్టిక్ తలుపు, నీ దిక్కు ఒకటి, ఆమె దిక్కు ఒకటి. అది ఒక దిక్కు తిరిగితే గాలి హీటర్ కాయిల్ మీదికెళ్ళి పోతది, ఇంకో దిక్కు తిరిగితే కాయిల్‌ను తప్పించుకొని పోతది, నడుమల ఆగితే సగం సగం కలుస్తది. ఆ తలుపును తిప్పేది అగ్గిపెట్టె కన్నా జర పెద్దగుండే మోటర్, లోపల ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు. హీటర్ కాయిల్‌లకు వేడి ఎక్కడికెళ్ళి వస్తది అంటే ఇంజన్ల తిరిగే కూలెంట్, దాన్ని రేడియేటర్ దిక్కు వదిలే వాల్వ్, థర్మోస్టాట్ అంటరు, 80 డిగ్రీలు దాటినంక తెరుచుకుంటది, ఇంజన్ మంచిగ వేడైనంక కూలెంట్ 90 అటుఇటు ఉంటది, అందుల కొంత ఒక పైపుల నుంచి లోపలికి పోయి కాయిల్ తిరిగి ఇంకో పైపుల బయటికి వస్తది. కొన్ని పెద్ద జర్మన్ బండ్లల్ల ఈ లెక్క వేరే, ఒక్కో దిక్కుకు ఒక్కో కరెంట్ వాల్వ్ పెట్టి వేడినీళ్ళనే కంట్రోల్ చేస్తరు, నీది అది కాదు కాబట్టి దాని జోలికి పోను.

అంటే ఒక బాత్రూమ్‌ల నీళ్ళు చల్లగ వస్తున్నయంటే రెండే కారణాలు. నల్లా తిరుగుతలేదు, లేకపోతే గీజర్ల నీళ్ళు ఆడిదాక వస్తలేవు. ఫ్లాప్ మోటర్ అన్నోడు మొదటిది అన్నడు, కాయిల్ అన్నోడు రెండోది అన్నడు.

ఇప్పుడు చూసుడు. బండిని పదిహేను ఇరవై నిమిషాలు మంచిగ నడిపి తెచ్చి చెయ్యాలె, ఇంటి ముందట స్టార్ట్ చేసి రెండు నిమిషాలకు చూస్తే డీజిల్ ఇంజన్ వేడే కాదు, ఐడిల్ల అయితే ఇంకా లేటు. ముందు గాలి సంగతి తేల్చు. రెండు దిక్కులా గాలి జోరు ఒకటే ఉన్నదా, ఒక దిక్కు తక్కువున్నదా. గాలే తక్కువుంటే అది వేరే జబ్బు, వేడితోటి సంబంధం లేదు. నిరుడు మిర్చి సీజన్ల ఎనుమాముల మార్కెట్‌కు రోజూ పోయే ఒకాయన బండి వచ్చింది, ఎడమ దిక్కు గాలి వస్తలేదని, క్యాబిన్ ఫిల్టర్ గుంజితే ఎర్రగ మిరప దుమ్ము, నేను, మా పిల్లగాడు, ఆ ఓనర్ ముగ్గురం అర్ధగంట తుమ్మినం, కండ్లల్ల నీళ్ళు. దాని కింద బ్లోయర్ల ఎలుక కట్టిన గూడు, పత్తి, సీటు స్పంజ్ ముక్కలు. అదంత సాఫ్ చేస్తే అయిపాయె. నీకు గాలి ఒకటే తీరు ఉన్నది అని రాసినవు కాబట్టి ముందుకు పోదాం.

ఏసీ బటన్ ఆఫ్ చెయ్యి, కంప్రెసర్ నడవొద్దు, నడిస్తే కూలింగ్ కాయిల్ చల్లదనం కలిసి నిన్ను ఆగం చేస్తది. డ్యూయల్ బటన్ ఆన్ చేసి రెండు దిక్కులా టెంపరేచర్ ఫుల్ తిప్పు, హెచ్ఐ అని వచ్చేదాక. 26, 28 మీద ఎప్పుడు టెస్ట్ చెయ్యొద్దు. ఎందుకంటే ఆటో మోడ్‌ల బండి తన సొంత తెలివి వాడుతది, స్టీరింగ్ పక్కన చిన్న జాలి లోపల ఉండే సెన్సర్ లోపలి వేడి చూస్తది, డ్యాష్‌బోర్డ్ మీద నల్లటి చిన్న గుండు లెక్క ఎండ సెన్సర్ ఉంటది, డ్యూయల్ జోన్ బండ్లల్ల చాలా వాటికి అది ఎండ ఏ దిక్కు నుంచి కొడుతదో కూడ పసిగడతది, ఎండ పడే దిక్కు గాలిని జర చల్లగ పంపిస్తది. పొద్దుగాల పూట తూర్పు దిక్కు పోతుంటే ఒక తీరు, సాయంత్రం ఇంకో తీరు అన్నట్టు. హెచ్ఐ పెడితే సెన్సర్ల మాట ఇనుడు బందు, రెండు ఫ్లాపులు ఫుల్ వేడి దిక్కు పోవాలె. మనోళ్ళు ఆ గుండు మీదనే దేవుని బొమ్మ అంటిస్తరు, ఒకామె అయితే అక్కడ వెల్వెట్ బట్ట పరిచి సాయిబాబాను పెట్టింది, సెన్సర్‌కు రాత్రింబగలు చీకటే. దేవుణ్ణి జర పక్కకు జరిపితే సగం కంప్లైంట్ పోయింది. నీ బండిల కూడ ఏమన్న ఉన్నదేమో చూడు, కాని నీ అసలు ప్రాబ్లం అది కాదు, హెచ్ఐల కూడ తేడా ఉన్నది అన్నవు కదా.

ఇప్పుడు అసలైంది. రెండు దిక్కులా హెచ్ఐ, బ్లోయర్ నడిమిట్ల, నీ దిక్కు జాలి కాడ చెయ్యి పెట్టు. వంటింట్ల వాడే పుల్ల థర్మామీటర్ ఉంటే జాలిల గుచ్చు, ఇంకా మంచిది. చల్లగ వస్తాందా, గోరువెచ్చగ వస్తాందా? ఈ రెండిటికి నడుమల చాలా తేడా ఉన్నది. ఫ్లాప్ చల్ల దిక్కు ఇరుక్కపోతే బయట గాలి ఎంతుందో అంతే వస్తది, బయట 14 ఉంటే ఆడ 15, 16, ఇంజన్ ఎంత రేస్ చేసినా మారదు, అరగంట నడిపినా మారదు. కాయిల్ సగం జామైతే గోరువెచ్చగ వస్తది, రెండు వేల ఆర్‌పీఎం మీద రెండు నిమిషాలు పట్టి ఉంచితే వాటర్ పంప్ జోరుగ తిరిగి నీళ్ళను తోసి వేడి పెరుగుతది, ఐడిల్‌కు వస్తే మళ్ళ పడిపోతది. ఇప్పుడు నువ్వే చెప్పు, మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే థర్డ్ గేర్ల ఇంజన్ గట్టిగ గుంజుతుంటే వేడి వచ్చింది, ఇచ్చోడల బండి ఆపితే పోయింది. ఫ్లాప్ ఇరుక్కున్న బండి ఘాట్ ఎక్కినా అంతే, దిగినా అంతే. ప్లాస్టిక్ తలుపుకు ఘాట్ ఏం తెలుస్తది.

ఇంకో చిన్న కిటుకు ఉన్నది, ఇది నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పింది. నీ దిక్కు హెచ్ఐ అట్లనే ఉంచి ఆమె దిక్కు ఎల్ఓకు, అంటే ఫుల్ చల్లకు తిప్పు. ఆమె దిక్కు ఫ్లాప్ మూసుకుంటే ఆ దిక్కు కాయిల్ నుంచి వేడి గుంజుకునేటోడు లేడు, ఉన్న కొన్ని వేడినీళ్ళు వేడి పోగొట్టుకోకుండ నీ దిక్కు దాక వస్తయి. అప్పుడు నీ దిక్కు వేడి పెరిగితే చాలావరకు నీళ్ళు తక్కువైన కేసే, ఏం మారకపోతే ఫ్లాప్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. అదే టైంల ఆమె దిక్కు చల్లగైందా లేదా చూస్తవు కాబట్టి ఆమె ఫ్లాప్ బతికున్నదో లేదో కూడ ఫ్రీగ తెలుస్తది.

ఇక్కడ ఒక మాట చెప్పాలె, ఎందుకంటే చాలామంది ఈడనే పడిపోతరు. అన్నా ఎండకాలం రెండు దిక్కులా ఏసీ సూపర్ ఉండె, కాబట్టి ఫ్లాపులు మంచిగనే ఉన్నయి అని అంటరు. కాదు. మన దగ్గర మార్చి నుంచి అక్టోబర్ దాక అందరం ఎల్ఓ మీదనే నడుపుతం, ఫ్లాప్ నెలలకు నెలలు చల్ల దిక్కు ఆనుకొని పడుకుంటది. అట్ల పడుకున్న కాడనే మోటర్ పళ్ళు అరిగిపోయినా, మోటరే చచ్చిపోయినా ఎవ్వనికి తెల్వది, ఏసీ సల్లగ వస్తాంది కదా. డిసెంబర్ల హీటర్ వేసిన్నాడు బయటపడతది. అదే ఆ ఫ్లాప్ వేడి దిక్కు ఇరుక్కుంటే ఏప్రిల్ల మొదటి రోజే ఇంట్ల లొల్లి, నా దిక్కు ఏసీ వస్తలేదు అని. కాబట్టి చల్ల దిక్కు ఇరుక్కున్నదా అనేదానికి ఎండకాలం సాక్ష్యం పనికిరాదు. ఇంకోటి, ఎండకాలమే ఒక దిక్కు చల్లగ ఒక దిక్కు అంతంత మాత్రం ఉంటే ఫ్లాప్ కన్న ముందు గ్యాస్ చూపియ్యి, గ్యాస్ తగ్గితే కూలింగ్ కాయిల్ సగమే చల్లబడతది, డ్యూయల్ జోన్ల అది అచ్చం ఫ్లాప్ పోయినట్టే కనపడతది.

సరే, బానెట్ ఎత్తు. ఇంజన్ వెనకాల, డ్యాష్‌బోర్డ్‌కు ఇంజన్‌కు నడుమ ఉండే ఇనుప గోడలకెళ్ళి రెండు రబ్బర్ పైపులు పక్కపక్కన లోపలికి పోతయి, బొటనవేలంత లావు. అవే హీటర్ పైపులు. మెడల కండువా, చున్నీ ఉంటే తీసి పక్కన పెట్టు, బెల్ట్ తిరుగుతుంటది. రెండు పైపులను ఒకటెన్క ఒకటి ముట్టుకో, పట్టుకోకు, ముట్టుకొని తియ్యి, చెయ్యి కాలుతది. టెంపరేచర్ గన్ ఉంటే రబ్బర్ మీద కొట్టు, మెరిసే ఇనుప ముక్క మీద కొడితే తక్కువ చూపిస్తది, ఆ గన్ నమ్ముకొని మోసపోయినోళ్ళు ఉన్నరు. బ్లోయర్ నడుస్తుంటే లోపలికి పోయే పైపు 80 పైన, బయటికి వచ్చే పైపు దానికన్న పది పదిహేను తక్కువ, ఇది ఆరోగ్యం. రెండూ కాలుతున్నయి, నీ దిక్కు మాత్రం చల్లగ వస్తాందంటే ఫ్లాప్, ఇగ కాయిల్ మాటే ఎత్తొద్దు. ఒకటి కాలుతాంది, ఇంకోటి చేత్తో హాయిగ పట్టుకోవచ్చు అంటే కాయిల్ల నీళ్ళు తిరుగుతలేవు, సున్నమో మట్టో గాలో అడ్డమున్నది. రెండూ గోరువెచ్చగనే ఉంటే కూలెంట్ తక్కువుండొచ్చు, థర్మోస్టాట్ తెరుచుకొని ఇరుక్కపోయి ఉండొచ్చు, మీటర్ల సూది ఎప్పటికన్న కిందికే ఉంటదా చూడు.

సగం జామైన కాయిల్ల ఒక దిక్కే ఎందుకు చల్లగైతది అంటవేమో. కాయిల్ లోపల సన్నటి చదును గొట్టాలు వరుసగ ఉంటయి, రేడియేటర్ కన్న ఇంకా సన్నయి, అందుకే రేడియేటర్ కన్న ముందు ఇది మూసుకుంటది. పైపులు వచ్చి కలిసే దిక్కు గొట్టాలకు నీళ్ళు ముందు అందుతయి, చెరువు కాలువ కింద మొదటి మడికి నీళ్ళు పారి చివరి మడికి అందనట్టు, దూరం దిక్కు ఎండుతది. నీ బండిల పైపులు ఏ దిక్కు నుంచి లోపలికి పోతున్నయో చూడు, ఆమె దిక్కు దగ్గరగ ఉంటే నా అనుమానం ఇంకా గట్టిపడతది.

ఇప్పుడు నేను తప్పు చేసిన కేసు చెప్తా. ఆరేడేండ్ల కింద అనుకుంటా, ములుగు దిక్కు నుంచి ఒక బండి వచ్చింది, నీ తీరే, డ్రైవర్ దిక్కు గోరువెచ్చ. అప్పుడు నాకు కొత్తగ పెద్ద స్కానర్ కొన్న మోజు, పైపులు ముట్టుకోకుండ స్కానర్ పెట్టిన, డ్రైవర్ దిక్కు ఫ్లాప్ మోటర్ పాత కోడ్ ఒకటి చూపించింది, ఇదే అని సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి మోటర్ తెప్పించి ఏసిన, పైసలు తీసుకున్న. రెండు రోజులకు మళ్ళ వచ్చిండు, అంతే ఉన్నది అన్నా అని. అప్పుడు పైపులు ముట్టుకున్న, ఒకటి నిప్పు, ఒకటి చల్లగ. సిగ్గనిపించింది. ఇంజన్ చల్లారబెట్టి కాయిల్‌కు పోయే రెండు పైపులు ఊడబీకి, బయటికి వచ్చే దిక్కు నుంచి నీళ్ళు పట్టినం, ఇంకో దిక్కు తెల్ల బకెట్ పెట్టినం. మొదలు సన్నగ చుక్కచుక్క వచ్చింది, మా పిల్లగాడు పైపును రెండుసార్లు ఒత్తి వదిలిండు, ఒక్కసారి గుడగుడమని పసుపు రంగు బురద, అచ్చం పప్పు అడుగంటితే గరిటెతో గోకినట్టు ముద్దలు ముద్దలు బకెట్ల పడ్డయి. వాసన చూసిన, పసుపు. వంటింట్ల పసుపు. ఓనర్‌ను అడిగితే అప్పుడు చెప్పిండు, నడి తొవ్వల రేడియేటర్ కారుతుంటే ఒక లారీ డ్రైవర్ పసుపు పోయమంటే ఒక ప్యాకెట్ పోసిండట, కారుడు నిజంగనే ఆగిందట. ఆగుతది, రేడియేటర్ల చిన్న పగులును అడ్డుకుంటది, దాంతోపాటు హీటర్ కాయిల్ల సన్న గొట్టాలను కూడ అడ్డుకుంటది, దానికేం తెలుసు ఏది పగులో ఏది గొట్టమో. దుకాణంల అమ్మే లీక్ పౌడర్లు కూడ ఇంతే. ఆ మోటర్ పైసలు ఆయనకు వాపస్ ఇచ్చిన, ఆ మోటర్ ఇంకా నా డబ్బాల ఉన్నది, ఆ మోడల్ బండి మళ్ళ రాలె.

నీకు పసుపే అని అంటలేను. కాని నువ్వే రాసినవు, కూలెంట్ బాటిల్ల మార్క్ కన్న కిందికి పోతే రెండు మూడుసార్లు బోర్ నీళ్ళు పోసిన అని. మన వరంగల్ బోర్ నీళ్ళు ఎట్లుంటయో బాత్రూమ్ బకెట్ అంచు చూస్తే తెలుస్తది, తెల్లగ సున్నం పట్టి బ్లేడ్‌తో గీకినా పోదు. అదే సున్నం 90 డిగ్రీల వేడిల కాయిల్ల పేరుకుంటది. నీకన్న ముందు నడిపినోడు ఇంకేం పోసిండో ఎవ్వలకెరుక. ఇంకోటి, కూలెంట్ తగ్గుతాందంటే ఎక్కడికో పోతాంది కదా, అది కూడ పట్టుకోవాలె, ఊకె పోసుకుంట పోవుడు కాదు. నీ పక్క సీటు కింద కార్పెట్ తడిగ ఉన్నదా, అద్దం లోపల జిడ్డు పొగ పడుతాందా, తియ్యటి వాసన వస్తాందా చూడు, ఈ మూడిట్ల ఏదున్నా కాయిలే కారుతుండొచ్చు, అది తేలితే మాత్రం రెండో గ్యారేజోడు చెప్పిందే కరెక్ట్, డ్యాష్‌బోర్డ్ దింపక తప్పదు, ఫ్లష్ చేసి, అంటే నీళ్ళు కొట్టి కాయిల్ కడిగిపిచ్చి పైసలు పోగొట్టుకోకు.

అవేం లేకపోతే ముందు గాలి తీపియ్యి. కూలెంట్ తగ్గినప్పుడు కాయిల్ల గాలి బుడగ చిక్కుకుంటది, బండి స్టార్ట్ చేసినప్పుడు డ్యాష్‌బోర్డ్ వెనకాల గుడగుడ నీళ్ళ చప్పుడు వస్తది, ఉన్నదా నీకు? ఇంజన్ పూర్తిగ చల్లగున్నప్పుడే కూలెంట్ క్యాప్ తియ్యాలె, వేడి మీద తీస్తే ప్రెషర్ల ఉన్న కూలెంట్ మొఖం మీదికి తన్నుతది, మా దుకాణంల ఒక పిల్లగానికి మెడ దాక కాలింది, అది చూసినంక నేను ఎవ్వరినీ క్యాప్ దగ్గరికి రానియ్య. బండి ముందు చక్రాలు ఎత్తు మీద ఉండేటట్టు పెట్టి, హీటర్ ఫుల్ పెట్టి, కూలెంట్ నింపుకుంట, పైపులను చేత్తో ఒత్తుకుంట నడిపితే బుడగలు బయటికి వస్తయి, గాలి తీసే స్క్రూ ఉన్న బండ్లకు ఇంకా ఈజీ. గాలి తీసినంక వారం పది రోజులల్ల మళ్ళ గుడగుడ మొదలైతే అది హీటర్ జబ్బు కాదు, హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ హెడ్ కింద ఉండే సీల్, చూపియ్యాలె, ఇంజన్ గ్యాసే కూలెంట్లకు వస్తుండొచ్చు.

గాలి తీసినా మారకపోతే ఫ్లష్. దీన్ని ఏ మంచి మెకానికైనా రెండు గంటల్ల చేస్తడు, డ్యాష్‌బోర్డ్‌తోటి పనే లేదు, కాని మూడు విషయాల కాడ నువ్వు పక్కన నిలబడి చూడు. పైపులు కాయిల్‌కు అంటుకపోయి ఉంటయి, ప్లయర్ పెట్టి తిప్పుడు గుంజుడు చెయ్యనియ్యకు, బ్లేడ్‌తోటి పైపును నిలువుగ కోసి తియ్యాలె, రబ్బర్ పైపు వందలల్ల వస్తది, లోపలి కాయిల్ ముక్కు విరిగితే వేలల్ల పని. రెండోది, నీళ్ళు బయటికి వచ్చే దిక్కు నుంచి ఉల్టా కొట్టాలె, ఇంటి మీది ట్యాంక్ నల్లా ప్రెషర్ చాలు, వాషింగ్ సెంటర్ గన్ పెట్టి కొడితే, కంప్రెసర్ గాలి కొడితే అల్యూమినియం కాయిల్ పగులుతది, అప్పుడు చెడిపోయిందని చెప్పినోడే నిజం అయితడు. యాసిడ్ పోస్తా అంటే వద్దను, బాత్రూమ్ కడిగేది కాదు అది. లోపలికి ఎంత జోరుగ పోతాందో బయటికి అంతే జోరుగ, తేటగ వచ్చేదాక ఉల్టా సీదా మార్చుకుంట కొట్టాలె. మూడోది, ఆఖరికి బోర్ నీళ్ళు లోపల మిగలొద్దు, బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ తోటి ఒకసారి కడిగి, బండి బుక్కుల ఏ కూలెంట్ రాసి ఉంటే అదే, నీళ్ళు ముందే కలిపి ఉన్నది కొని పోయాలె. ఇంట్ల ఆర్‌వో నుంచి పక్కకు పారే నీళ్ళు పట్టి పోసేటోళ్ళు ఉన్నరు, ఆర్‌వో అని పేరుందని, అది మంచినీళ్ళ నుంచి తీసేసిన ఉప్పు నీళ్ళు, బోర్ నీళ్ళ కన్న అన్యాయం. పాత కూలెంట్ పచ్చగ ఉన్నది, కొత్తది కూడ పచ్చదే కదా అని కలపొద్దు, రంగు కంపెనీకో తీరు ఉంటది, పడని రెండు కలిస్తే పెరుగు తోడుకున్నట్టు గడ్డకడతది.

ఒకవేళ నా అంచనా తప్పై, రెండు పైపులు కాలుతూ నీ దిక్కు చల్లగనే ఉంటే అప్పుడు ఫ్లాప్. బ్లోయర్ ఆఫ్ చేసి, బండ్ల అందరినీ జర నోరు మూసుకోమని, నీ దిక్కు ఎల్ఓ నుంచి హెచ్ఐకి తిప్పి చెవి పెట్టు. సన్నగ గుర్రుమని తిరిగి ఆగితే మోటర్ తిరుగుతాంది, టక్ టక్ టక్ అని గడియారం లెక్క కొడితే పళ్ళు పోయినయి, ఏ చప్పుడూ లేకపోతే కరెంట్ అందుతలేదు లేకపోతే మోటర్ చచ్చింది. చాలా బండ్లల్ల డ్రైవర్ దిక్కు మోటర్ పెడళ్ళ పైన, బండి నడిమి దిక్కు లోపలికి ఉంటది, తల కింద పెట్టి కాళ్ళు సీటు మీద పెట్టి చెయ్యాలె, నడుము పడిపోతది గాని డ్యాష్‌బోర్డ్ దింపే పని లేదు. ఆమె దిక్కుది గ్లవ్ బాక్స్ తీస్తే దొరుకుతది. ఊడదీసినంక ఫ్లాప్ కాడను వేలితో తిప్పి చూడాలె, ఆ చివర నుంచి ఈ చివరికి మెత్తగ తిరిగితే మోటరే పోయింది, వదులుగ గిరగిర తిరిగితే లోపల తలుపే ఇరిగింది, అదైతే పెద్ద పనే. అయిదు వైర్లున్న మోటరైతే మీటర్ పెట్టి సిగ్నల్ వైర్ చూడొచ్చు, మోటర్ ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతుంటే అర వోల్ట్ అటుఇటు నుంచి నాలుగున్నర దాక మెల్లగ ఎక్కాలె, నడుమల దుంకొద్దు. కొత్త మోటర్ ఏసినంక క్యాలిబ్రేషన్ చెయ్యాలె, అంటే ఆ చివర ఈ చివర ఏడుందో దానికి తెల్వాలె, కొన్ని బండ్లకు స్కానర్, కొన్నిటికి బ్యాటరీ వైర్ తీసి పెడితే అదే నేర్చుకుంటది. మోటర్ బయట వేలాడుతుంటే ఇగ్నిషన్ ఆన్ చేసేటోళ్ళు ఉన్నరు, అది ఆపేటిది ఏమీ లేక హద్దు దాటి తిరిగి కూసుంటది, మళ్ళ ఎక్కియ్యబోతే సెట్టు కాదు. ఆన్‌లైన్ల దొరికే మూడు నాలుగు వందల ఓబీడీ డబ్బాలు ఫోన్‌కు పెట్టి కోడ్ ఏం రాలేదు అనకు, అవి ఎక్కువల ఎక్కువ ఇంజన్ కోడ్లే చదువుతయి, ఏసీ దిక్కు చూడనే చూడయి.

పైసల లెక్క అడిగినవు కాబట్టి, గాలి తీసి కూలెంట్ మార్చి ఉల్టా ఫ్లష్ చేసినదానికి మా దగ్గర అయితే కూలెంట్ ఖర్చు కలిపినా ఆ ఫ్లాప్ మోటర్ చెప్పిన 9 వేలల్ల సగం కూడ కాదు. ఫ్లష్ చేసినా ఒక్కోసారి సున్నం ముదిరి ఉంటే సగమే తెరుచుకుంటది, అది ముందే చెప్తున్న, గ్యారంటీ ఇయ్యను. అట్లైనా తొందరపడి 38 వేలు పెట్టకు, మనకు హీటర్ పని ఏడాదిల నెలన్నర, అదీ పొద్దుగాల రాత్రి, ఆదిలాబాద్ దిక్కు పోతే తప్ప. వానకాలం అద్దం మీద పొగ పోగొట్టే అంత వేడి వస్తే నడిపించుకోవచ్చు, కాయిల్ కారనంత వరకు.

రేపు పొద్దుగాల ఇంజన్ ముట్టియ్యకముందు, చల్లగున్నప్పుడు, క్యాప్ తీసి లోపల వేలు పెట్టి చూడు, మెడ అంచుకు తెల్లగ గీరితే రాలేది ఉన్నదా, పసుపుపచ్చ ముద్ద అంటుతాందా, నూనె లెక్క జిడ్డున్నదా, లేకపోతే ఉత్త నీళ్ళ లెక్క రంగే లేకుండ ఉన్నదా. అది చూసి, బండి నడిపొచ్చినంక రెండు పైపుల సంగతి కూడ చూసి రాయి. పసుపైతే మాత్రం నల్ల బకెట్ పెట్టకు, తెల్లది పెట్టు, ఎంత వచ్చిందో నాకు ఫొటో కావాలె.